పొడుగు చేతుల కోటు

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. దర్జీ మాస్టరుకు దుత్త దొరకలేదు, తలుపు దొరికింది. నిన్న సాయంత్రం ఆయన విసిరిన విసురుకు తలుపు వెళ్ళి గోడను కొట్టింది, గోడకున్న మేకు ఊడింది, మేకుకున్న ఫోటో కింద పడింది. తెల్లారి అన్ని పనులూ పక్కన పెట్టి ఆయన భార్య ఇంకా గాజుపెంకులు ఏరుతూనే ఉంది.

"ఇటు రాకండి, కాళ్ళకు గుచ్చుకుంటాయి," అంది తలెత్తకుండా. "విసిరేవాళ్ళకేం, విసిరి పోతారు. ఏరేవాళ్ళకు తెలుస్తుంది."

మాస్టరు ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. అదే ఆయన కుట్టు దుకాణం. బల్ల మీద పరిచిన గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. వంకర పోయింది. దులిపి మళ్ళీ గీశాడు. సుద్ద విరిగింది. ఇన్నేళ్ళుగా కోట్లు కత్తిరిస్తున్న చెయ్యి, కళ్ళు మూసుకున్నా గీత తప్పని చెయ్యి, ఆ పొద్దున మాట వినడం మానేసింది.

ఎందుకు వింటుంది మరి? నడిమి గదిలో, పెంకులకు కాస్త అవతల, ఆయన మేనత్త తన రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. ఇంట్లో కుర్చీలకు కరువు లేదు. ఒక్కదాని మీదా కూర్చోలేదు. బస్సు కోసం కాచుకున్న మనిషిలా పెట్టె మీదే కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద ఫోటో ఉండాల్సిన చోటు వంక చూస్తోంది.

మాస్టరు పాలపళ్ళనాడు గడప దాటిపోయిన మనిషి ఆవిడ. ఎక్కడో ఆసుపత్రిలో బట్టలుతికే చోట పనిచేసి, అక్కడి క్వార్టర్లలోనే ముసలిదై, "అవి పడగొడుతున్నార్రా, నాకు వేరే చోటు లేదు" అంటూ మొన్న దిగింది. మాస్టరు అడిగింది ఒక్కటే మాట. "మా నాన్న కోటేది?" ఆవిడ నోరు మెదపలేదు. నిన్న మళ్ళీ అడిగాడు. మళ్ళీ మెదపలేదు. అప్పుడే తలుపు వెళ్ళి గోడను కొట్టింది. ఆ వెంటనే మాస్టరు వృద్ధాశ్రమంలో ఒక మంచం మాట్లాడేశాడు. ఈ మధ్యాహ్నమే వ్యాను వస్తుంది.

"ఏమండీ," అంది భార్య, చేట తీసుకుని దుకాణం గుమ్మంలోకి వస్తూ. "ఆ మంచం సంగతి ఇంకోసారి ఆలోచిస్తే..."

"ఆలోచించడానికేముంది?"

"పెద్దావిడ. మోకాళ్ళు పనిచెయ్యవు. నిన్నటినించీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు."

"ముట్టకపోతే నేనేం చెయ్యను? మా నాన్న పోయాక ఇద్దరు పసివాళ్ళతో మా అమ్మ ఎలా బతికిందో ఆవిడ చూసిందా? ఇంట్లో మిగిలిన ఒక్క మంచి వస్తువు చంకలో పెట్టుకుని పోయింది. ఆ కోటు నాది. పెద్దకొడుకుని నేను. ఒక్కసారి తొడుక్కుని చూసుకునే రాత కూడా లేకుండా చేసింది."

"మెల్లగా. వినపడుతుంది."

"వినపడాలనే అంటున్నా."

"వినపడుతోందిలే నాన్నా," అంది మేనత్త నడిమి గదిలోంచి. "చెవులు బానే ఉన్నాయి. మోకాళ్ళే పోయాయి."

ఆ గొంతులో కోపం లేదు, వేడుకోలూ లేదు. అదే మాస్టరుకు ఒళ్ళు మండించింది. ఏడిస్తే కసిరేవాడు, దబాయిస్తే పోట్లాడేవాడు. ఇలా నింపాదిగా కూర్చున్న మనిషితో ఎవడు వేగగలడు?

వెనక గది గుమ్మానికి తెర వేలాడుతోంది. తెర వెనక మాస్టరు తల్లి. నోరు విప్పితే వీధి చివర దాకా వినపడే మనిషి, ఆడపడుచు వచ్చి పెట్టె దించినప్పటినుంచి ఉలుకూ పలుకూ లేదు. పలకరించింది లేదు, పొమ్మన్నదీ లేదు. కోడలు పళ్ళెం తీసుకెళితే తిని, ఖాళీ పళ్ళెం తెర కిందనుంచి ఇవతలకు తోసేది. ఆ తోయడంలోనే ఏదో ఉంది గాని, అదేమిటో కోడలికి అంతుబట్టలేదు.

పొద్దుటి డ్యూటీ దిగి తమ్ముడు వచ్చాడు. బస్సు కండక్టరు. టిక్కెట్ల తోలు సంచీ ఇంకా భుజానే ఉంది. వస్తూనే మేనత్త ముందు ఆగాడు.

"ఏం అత్తా, పెట్టె మీద కూర్చున్నావు? సామానుకు వేరే టిక్కెట్టు కొట్టాలి, తెలుసా?"

మేనత్త నవ్వింది. ఈ ఇంటికొచ్చాక అదే మొదటిసారి నవ్వడం.

"నువ్వు ఊరుకో," అన్నాడు మాస్టరు దుకాణంలోంచి. "వ్యాను వస్తే పెట్టె ఎక్కించి, దగ్గరుండి దించి రా. నిన్ను పిలిపించింది అందుకు."

"ఎక్కిస్తాలే అన్నయ్యా. రోజూ చేసేదేగా ఎక్కించడం దించడం." సంచీ తీసి మేకుకు తగిలించబోయి, మేకు లేదని చూసి ఆగాడు. "ఫోటో ఏమైంది?"

"మీ అన్నయ్యనడుగు," అంది వదిన.

ఆ ఫోటో సంగతి చెప్పకపోతే మాస్టరు సంగతి తెలియదు. కుర్చీలో తల్లి, ఒళ్ళో చంటిబిడ్డగా కండక్టరు, పక్కన నాలుగేళ్ళ మాస్టరు, వెనక కోటు తొడుక్కుని నిలబడ్డ తండ్రి. తండ్రి పోవడానికి కొన్ని వారాల ముందు తీయించిందని ఇంట్లో అనుకునే మాట. మాస్టరుకు తండ్రి గురించి ఉన్న జ్ఞాపకమల్లా ఆ ఫోటో తీసిన పూటే. భుజం మీద వెచ్చగా ఒక చెయ్యి. చెవికి గరుగ్గా తగిలే కోటు అంచు. "కదలకు నాన్నా, అయిపోయింది, ఇంకొక్క క్షణం" అని మెల్లగా ఒక గొంతు. తర్వాత కోటు జేబులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ. అంతే. ఆ నాలుగు ముక్కలనీ ఆయన ఇన్నేళ్ళూ అరగదీసి అరగదీసి వాడుకున్నాడు. తమ్ముడి పెళ్ళిలో చెప్పాడు, దుకాణానికొచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చెప్పాడు. రోజూ దుకాణం తెరిచేముందు ఫోటోలోని ఆ చేతిని వేలితో తాకి గాని తాళం తీయడు. తమ్ముడికి ఆ నాలుగు ముక్కలు కూడా లేవు.

ఇంకో సంగతి ఉంది. ఫోటోలో తండ్రి కోటు చెయ్యి మణికట్టు దాటి వేళ్ళ కణుపుల దాకా వచ్చి ఉంటుంది. తండ్రీ దర్జీయే, తన కోటు తనే కుట్టుకున్నాడు. ఆయన చెయ్యి అంత పొడుగు పెట్టాడంటే దానికో లెక్క ఉండి తీరాలని మాస్టరు నమ్మకం. అందుకే ఈ దుకాణంలో కుట్టిన ప్రతి కోటుకూ చెయ్యి ఒక అంగుళం ఎక్కువ. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'నాన్న కోత'. "మాస్టరూ, మీ దగ్గర కోటు కుట్టిస్తే చలికి చేతి తొడుగులు కొనక్కర్లేదు" అని జనం నవ్వేవారు. "మా నాన్నకు తెలుసా కొలత, మీకు తెలుసా?" అని ఈయన విరుచుకుపడేవాడు. గిరాకీ పోయినా సరే, అంగుళం తగ్గలేదు.

ఇదీ మనిషి. ఇక జరిగింది వినండి.

పెంకులన్నీ ఎత్తాక భార్య విరిగిన ఫ్రేములోంచి ఫోటోను మెల్లగా బయటికి తీసింది. చుట్టూ ఉన్న అట్ట పాతబడి పొడి రాలుతోంది. అట్ట తొలగించింది. ఇన్నాళ్ళూ దాని కింద దాగి ఉన్న అడుగు భాగం బయటపడింది. ఆవిడ కాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి మరిదిని పిలిచింది.

"ఏమయ్యా, ఇటోసారి రా."

"ఏంటొదినా?"

"మీ నాన్న కాళ్ళు చూడు."

కండక్టరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. నవ్వబోయి సగంలో ఆగిపోయాడు. "నాన్న చెప్పుల మీద పువ్వేంటి?"

"ష్. మీ అన్నయ్య..."

ష్ అనే మాటంత గట్టిగా వినపడే మాట ఇంకొకటి లేదు. మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి వచ్చాడు. "ఏంటి గుసగుస? ఇలా తే."

"ఏం లేదు అన్నయ్యా, పాత ఫోటో కదా, మరకలు..."

"ఇలా తెమ్మన్నానా."

తీసుకున్నాడు. కుర్చీ కాలు పక్కన, కోటు అంచుకు కింద, ప్యాంటు లేదు. గళ్ళ గుడ్డ కుచ్చిళ్ళు. గుడ్డ చూస్తే దర్జీకి వేరే చెప్పనక్కర్లేదు. అది ఆడవాళ్ళ పావడా. దాని కింద రెండు చెప్పులు, పట్టీల మీద చెరొక పువ్వు. చుట్టూ అట్ట వచ్చి కప్పేస్తుందిలే అని స్టూడియోవాడు అక్కడ కుంచెతో దిద్దలేదు.

మాస్టరు చూపు మెల్లగా పైకి పాకింది. ఇన్నేళ్ళూ తండ్రిని చూశాడు గాని కోటును చూడలేదు. ఇప్పుడు కోటును చూశాడు. భుజాల కుట్టు భుజం మీద లేదు, జారి చేతి మీదకు వచ్చింది. ఛాతీ దగ్గర గుడ్డ లోపలికి కూలింది. కాలరు పైన, మెడ దగ్గర, వెంట్రుకంత సన్నటి గీత. ఆ గీతకు పైన తండ్రి ముఖం.

"తల నాన్నదే," అన్నాడు నెమ్మదిగా. "కోటూ నాన్నదే. లోపలున్న మనిషి కాదు. మనిషి చిన్న, కోటు పెద్ద. అందుకే చెయ్యి..."

దుకాణంలో దండేనికి వేలాడుతున్న మూడు కోట్లూ, మూడింటికీ అంగుళం పొడుగు చేతులతో, గుమ్మంలోంచి కనపడుతూనే ఉన్నాయి.

అప్పుడు పెట్టె మీదనుంచి మేనత్త అంది.

"ఆ చెప్పులు కొత్తవి. ఆ పూటంతా ఒకటే కరిచాయి."

మాస్టరు ఆవిడ వైపు తిరిగాడు. పిచ్చిచూపు చూశాడు.

"నువ్వా?"

"ఇంకెవరు తొడుక్కుంటారు? పోయినవాడి కోటు మాకొద్దన్నారు వాడి స్నేహితులు. మీ అమ్మకేమో పిల్లలు అడిగితే చూపించడానికి మీ నాన్నతో కలిసి ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా గోరంత ముఖం ఫోటో ఒకటి. కింద ఒళ్ళుంటే తల అతికిస్తానన్నాడు స్టూడియోవాడు. సరే, నా ఒళ్ళుంది కదా అన్నాను."

"అప్పటికి నాన్న..."

"పోయి నెల దాటింది."

మాస్టరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "నా భుజం మీద చెయ్యి?"

"నాదే."

"కదలకు అన్నది?"

"నేనే. నువ్వు ఒక్కచోట నిలబడేవాడివా? కోతివి. పక్క కొట్లో పిప్పరమెంట్లు కొని జేబులో వేసుకున్నాను, నిన్ను ఆపడానికి."

పిప్పరమెంటు మాట మాస్టరు అడగలేదు. ఆవిడే చెప్పింది. దాంతో ఇక అనుమానానికి చోటు లేకపోయింది. తండ్రి పోయినప్పుడు ఆయనకు ఏడవడం తెలియని వయసు. ఇప్పుడు తెలుసు. మీసాలు నెరిసిన మనిషి పెళ్ళాం ముందు, తమ్ముడి ముందు మొహం దాచుకోకుండా ఏడ్చాడు. ఉన్న ఒక్క జ్ఞాపకం కూడా తండ్రిది కాకపోతే, ఇక తనకు తండ్రి ఎక్కడున్నట్టు?

"నీకు అదన్నా ఉందని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను అన్నయ్యా," అన్నాడు కండక్టరు.

మాస్టరు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు అయిపోగానే మళ్ళీ కోపం వచ్చింది. అదొక్కటే ఆయనకు చేతనైన దారి. "అంత చేసినదానివి కోటెందుకు పట్టుకుపోయావు? మమ్మల్నెందుకు వదిలి పోయావు? ఒక్కనాడన్నా ఒక్క ముక్క రాశావా? మూడు రోజులుగా అడుగుతుంటే నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నావు. చెప్పవేం?"

మేనత్త తెర వంక చూసింది. "అడగాల్సింది నన్ను కాదు."

"నేనే ఇచ్చాను."

తెర వెనకనుంచి వచ్చింది ఆ మాట. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆ గొంతు వినపడింది. తెర మాత్రం కదల్లేదు.

"ఏంటమ్మా?"

"కోటు నేనే ఇచ్చాను. పొమ్మన్నదీ నేనే. ఎవరూ దొంగిలించలేదు."

"మరి దొంగ అని మాకెందుకు చెప్పావు?"

"అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా." "ఫోటో తీయించిన పూటనుంచి నువ్వు ఆ కోటు వదల్లేదురా. ఆవిణ్ణే పట్టుకు తిరిగావు. ఆవిణ్ణి నాన్నా అని పిలిచేవాడివి. నేనెత్తుకుంటే ఏడ్చేవాడివి. నేను పెడితే ఉమ్మేసేవాడివి, ఆవిడ పెడితే తినేవాడివి. మొగుడు ఎలాగూ పోయాడు. కొడుకు కూడా నా కళ్ళ ముందే పోతున్నాడనిపించింది. తట్టుకోలేకపోయాను. ఆ కోటు తీసుకుని కనపడకుండా పో వదినా, నా పిల్లల్ని నాకు వదిలెయ్ అన్నాను. పోయింది."

"ఇన్నేళ్ళా?" అంది కోడలు, ఆపుకోలేక.

"కనపడనని మాటిచ్చాను," అంది మేనత్త. "క్వార్టర్లు పడగొట్టకపోతే కనపడేదాన్ని కాదు. వదినను అడక్కుండా కోటు సంగతి ఎలా చెప్తాను? తను చెప్పేదాకా నేను చెప్పకూడదు."

ఒకరినొకరు వదినా వదినా అనుకుంటూ, మధ్యలో తెర వేసుకుని, ఇద్దరు ముసలివాళ్ళు ఒక చిన్నపిల్లవాడి కోసం ఇంకా పోట్లాడుకుంటున్నట్టే ఉంది. ఆ పిల్లవాడికి బట్టతల వచ్చిన సంగతి ఇద్దరికీ పట్టినట్టు లేదు.

మేనత్త మెల్లగా లేచింది. లేవడానికి కండక్టరు చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. పెట్టె మూత తెరిచింది. పైన రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. అడుగున, తెల్లటి దిండుగలీబులో చుట్టి, కోటు.

మాస్టరు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. పొద్దుటినుంచి గీత తప్పుతున్న చేతులు గుడ్డ తగలగానే కుదుటపడ్డాయి. తిరగేసి అస్తరు చూశాడు. చంక దగ్గర కుట్టు చూశాడు. చిన్న చిన్న కుట్లు, ఒకదాని వెంట ఒకటి, తొందర లేకుండా. ఇవి నాన్నవి. ఇవి మాత్రం ఖాయంగా నాన్నవి. చెయ్యి పొడుగు వేళ్ళతో కొలిచి చూశాడు. ఎత్తైన మగమనిషికి మణికట్టు దగ్గర సరిగ్గా ఆగే కొలత. అంగుళం కాదు కదా, నూలుపోగు కూడా ఎక్కువ లేదు.

"వేసుకో అత్తా," అన్నాడు.

"ఇప్పుడెందుకురా?"

"వేసుకో. చూడాలి."

కండక్టరు వెనకనుంచి పట్టుకున్నాడు. ఆవిడ ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి దూర్చింది. వయసుకు ఆవిడ ఇంకా కుంచించుకుపోయింది. చేతులు వేళ్ళ కణుపులు దాటాయి. మాస్టరు కొలతలకొచ్చినవాళ్ళ ముందు నిలబడ్డట్టే ముందుకొచ్చి, అలవాటు కొద్దీ, భుజం సర్దడానికి వంగాడు. మేనత్తకు మోకాళ్ళు నిలవక తూలింది. ఆసరా కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆయన భుజం మీద పడింది. కోటు అంచు గరుగ్గా చెవికి తగిలింది.

అప్పుడు మాస్టరు తలెత్తి ఆవిడను ఎలా చూశాడో భార్య చూసింది, తమ్ముడు చూశాడు. తెర సందులోంచి తల్లీ చూసింది.

బయట వ్యాను హారను మోగింది.

"తిప్పి పంపించెయ్," అన్నాడు మాస్టరు తమ్ముడితో, చూపు తిప్పకుండానే. "మంచం అక్కర్లేదని చెప్పు."

"పంపొద్దు."

తెర పక్కకు జరిగింది. తల్లి బయటికి వచ్చింది. కాళ్ళకు చెప్పులున్నాయి. చేతిలో చిన్న గుడ్డసంచీ ఉంది. దాన్ని ఎప్పుడు సర్దుకుందో ఎవరికీ తెలియదు.

"అత్తయ్యా, ఏంటిది?" కోడలు అడ్డం వెళ్ళింది.

"అడ్డం లేమ్మా. వదిన ఉంటుంది, నేను పోతాను. తప్పు నాదేనని చెప్పాగా, ఇంకేం కావాలి? అప్పుడు వాడు ఆవిణ్ణి ఇలాగే చూసేవాడు. అప్పుడూ చూడలేకపోయాను. ఇప్పుడూ చూడలేను. ఈ వయసులో నేర్చుకోలేను."

"అమ్మా, ఆగు," అన్నాడు కండక్టరు. ఆవిడ ఆగలేదు. నడిమి గది దాటింది. దుకాణంలో దండేనికున్న కోట్ల కిందనుంచి, వాటి పొడుగు చేతులు తలకు తగులుతుంటే తప్పించుకుంటూ, వీధి గుమ్మం వైపు నడిచింది.

మాస్టరు నిలబడ్డచోటే నిలబడ్డాడు. భుజం మీద ఆ చెయ్యి అలాగే ఉంది, అప్పటంత వెచ్చగానూ ఉంది.

ఆ చెయ్యి ఆయన్ను ముందుకు తోసింది.

"కదులు నాన్నా," అంది మేనత్త. "అమ్మ వెళ్ళిపోతోంది."

బయట వ్యాను తలుపు తెరిచిన చప్పుడైంది. మాస్టరు కాళ్ళు ఇంకా కదల్లేదు.